నిలబడి ఉన్న బండికీ వయసు పెరుగుతుంది

బండి ఎంత పాతబడిందో తెలుసుకోవాలంటే మనం ముందు మీటరు వంక చూస్తాం. అమ్మేవాడు తక్కువ తిరిగిన బండి అంటే కొనేవాడు నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టడానికి సిద్ధపడతాడు. సర్వీసు కూడా ఆ లెక్క మీదే నడుస్తుంది, ఐదు వేల కిలోమీటర్లకు ఒకటి, పది వేలకు ఇంకొకటి. రోజూ రోడ్డెక్కే కారుకీ లారీకీ ఈ కొలత చాలావరకు సరిపోతుంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఒకేచోట నిలబడి ఉండే బండికి మాత్రం సరిపోదు. అలాంటి వాటిలో ఖరీదు చూసినా, కదిలే భాగాల సంఖ్య చూసినా ముందుగా చెప్పుకోవలసింది మోటార్‌హోమ్. మన దేశంలో దాన్ని కారవాన్ అంటున్నారు. దీని కందెన పని కిలోమీటర్లతోపాటు నెలల లెక్కన కూడా సాగాలి. ఆ పని జరిగిందన్న రుజువు బండిలోనే, ఎక్కేవారికి కనపడేలా ఉండాలి. కారవాన్ పర్యాటకం పేరుతో రాష్ట్రాలు ఈ బండ్లను ఆహ్వానిస్తున్న వేళ, బండ్లు దిగకముందే ఈ సంగతి తేల్చుకోవడం మంచిది.

చక్రాల మీద ఇల్లు అమెరికాలో పెద్ద పరిశ్రమ. ఇండియానా రాష్ట్రంలో ఎల్క్‌హార్ట్ పట్టణం చుట్టుపక్కల ఊళ్లకు ఈ బండ్ల తయారీయే ప్రధాన ఆధారం. అయోవాలోని ఫారెస్ట్ సిటీ అనే చిన్న ఊళ్లో పుట్టిన విన్నెబాగో సంస్థ 1966లో మోటార్‌హోమ్‌ల తయారీ మొదలుపెట్టింది. 1990లో న్యూమార్ సంస్థ, బండి ఆగాక గోడతో సహా బయటికి జరిగి ఇల్లు వెడల్పయ్యే గదిని తెచ్చింది. అప్పటినుంచి బండిలో ఇంజను, గేరుపెట్టె, బ్రేకులతో పాటు మోటార్లు, పళ్లపట్టీలు, రోలర్లు, జాకీలు, మడిచే మెట్లు కూడా చేరుతూ వచ్చాయి. తెలుగువారికి ఇలాంటి బండి కొత్తేమీ కాదు. 1982లో ఎన్టీ రామారావు పాత షెవర్లే వ్యానును మార్పించి చైతన్య రథంగా చేసుకుని, తిండీ నిద్రా అందులోనే కానిస్తూ రాష్ట్రమంతా తిరిగారు. కుమారుడు హరికృష్ణ దాన్ని నడిపారు. అయితే అది ఎన్నికల దాకా విరామం ఎరగకుండా తిరిగిన బండి. సాధారణ మోటార్‌హోమ్ జీవితం దీనికి పూర్తిగా భిన్నం. అమెరికాలోని ఈ పరిశ్రమ సంఘం 2021లో యజమానుల గురించి వెలువరించిన అధ్యయనం ప్రకారం, ఏడాదికి వాడకం మధ్యస్థంగా 20 రోజులు. అంటే యజమానుల్లో సగం మంది బండ్లు ఏడాదిలో 345 రోజులో అంతకన్నా ఎక్కువో నిలబడే ఉంటాయన్నమాట.

ఆ నిలబడిన రోజుల్లో బండికి ఏమీ జరగదనుకోవడమే అసలు పొరపాటు. గ్రీజు అంటే ఒక రకం సబ్బు పట్టి ఉంచిన నూనె. అందులో ఎక్కువ పాలు నూనెదే, రాపిడిని ఆపేదీ ఆ నూనే. భాగం కదులుతూ ఉన్నంతకాలం గ్రీజు ఆ సందుల్లో తిరుగుతూ లోహాన్ని తడిపి ఉంచుతుంది. నెలల తరబడి కదలిక లేకపోతే నూనె మెల్లగా విడిపోయి కిందికి జారుతుంది, మిగిలిన సబ్బు గట్టిపడుతుంది. ఆ ఖాళీలోకి గాలిలోని తేమ చేరి తుప్పు మొదలవుతుంది. బ్రేకు కాలిపర్ జరగడానికి ఉండే పిన్నులు ఇలాగే బిగుసుకుంటాయి. అప్పుడు తొక్కిన బ్రేకు పూర్తిగా పట్టదు, పట్టిన బ్రేకు పూర్తిగా వదలదు. మామూలు బ్రేకు ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చే గుణం ఉంది, బండి నడిచినా నిలిచినా అది పీలుస్తూనే ఉంటుంది. నీరు చేరిన ఆయిల్ ఘాటురోడ్డు దిగేటప్పుడు పుట్టే వేడికి మరిగి, పెడల్ మెత్తబడుతుంది. టైర్ల సంగతీ ఇంతే. రబ్బరును కాపాడే రసాయనాలు టైరు తిరిగి, వంగి లేచినప్పుడే పైపొరకు వస్తాయి. నిలిచిన టైరు గాడులు చెక్కుచెదరకుండా ఉండగానే పక్కలు పగులుతాయి. అందుకే మిషెలిన్ సంస్థ మోటార్‌హోమ్ టైర్లను ఐదేళ్లు దాటాక ఏటా నిపుణులకు చూపించమనీ, పదేళ్లు నిండితే గాడులు ఎలా ఉన్నా మార్చేయమనీ చెబుతుంది. ఆ సలహాలో కిలోమీటర్ల ప్రస్తావనే ఉండదు.

కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని మన సామెత. ఎడ్లబండి కాలంలో ఆ కిర్రుమనే చప్పుడే యజమానికి హెచ్చరిక. ఇరుసు అరుస్తున్నదంటే ఆముదం మసి కలిపిన కందెన పెట్టాల్సిందే, లేకపోతే ఊరంతా వింటుంది. నిలిచి ఉన్న మోటార్‌హోమ్ ఆ హెచ్చరిక కూడా ఇవ్వదు. గ్రీజు ఎండిపోయేటప్పుడు చప్పుడు రాదు, పిన్ను బిగుసుకునేటప్పుడూ రాదు. కుటుంబమంతా సామాను సర్దుకుని ఎక్కిన రోజునో, మరీ ఘోరంగా కొండ దిగుతున్న క్షణంలోనో మాత్రమే తెలుస్తుంది. చప్పుడు చేయని అరుగుదలను పట్టుకోవడానికి తేదీ తప్ప మరో సాధనం లేదు. నా వాదనకు మూలం ఇదే.

చాలామంది దీనికి తేలిక విరుగుడు ఒకటి కనిపెట్టామనుకుంటారు: వారానికోసారి ఇంజను స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచి ఆపేయడం. మన అపార్ట్‌మెంట్ల సెల్లార్లలోనూ ఈ అలవాటు కనిపిస్తుంది. దీనివల్ల మేలుకన్నా కీడే ఎక్కువ. ఇంధనం మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. ఇంజను పూర్తిగా వేడెక్కితేనే అది బయటికి పోతుంది. పది నిమిషాల్లో ఆపేస్తే ఆ నీరు ఆయిల్‌లోనే మిగిలిపోతుంది. పైగా చక్రాలు తిరగవు, బేరింగులు కదలవు, వెనక ఇరుసులోని గేర్లకు నూనె అందదు, బ్రేకులకు పని తగలదు. బండికి నిజంగా కావలసింది నెలకోసారి ముప్పై నలభై కిలోమీటర్ల పరుగు, ఏసీ వేసి, బ్రేకులు గట్టిగా వాడి. ఏసీ ఎందుకంటే దాని కంప్రెసర్ సీలును తడిపి ఉంచే నూనె గ్యాస్‌తో పాటే ప్రయాణిస్తుంది, ఏసీ నడవకపోతే సీలు ఎండుతుంది. బండిలో కరెంటు కోసం ఉండే జనరేటర్‌కూ ఇదే వర్తిస్తుంది. అమెరికా మోటార్‌హోమ్‌లలో విస్తారంగా కనిపించే ఓనన్ జనరేటర్లను నెలకు కనీసం రెండు గంటలు, సగం లోడు పెట్టి నడపమని తయారీదారే చెబుతాడు. లోడు లేకుండా తిప్పితే లోపలి తేమ ఆరదు. పెట్రోలు జనరేటర్ అయితే కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోలు జిగురుగా మారి సన్నని రంధ్రాలను మూసేస్తుంది. ఇథనాల్ కలిపిన పెట్రోలు తేమను లాగుతుంది కాబట్టి మన దేశంలో ఈ జాగ్రత్త ఇంకా అవసరం.

ఇక ఇంటి భాగం. మోటార్‌హోమ్ కందెన గురించిన అజ్ఞానమంతా ఇక్కడే పోగుపడి ఉంది, ఎందుకంటే లారీ మెకానిక్‌కు ఇది తెలియదు, ఇల్లు కట్టే వడ్రంగికీ తెలియదు. చాసిస్ కింద ఉండే కింగ్‌పిన్నులు, స్టీరింగ్ కీళ్లు, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు, వీటన్నిటికీ నిపుల్స్ ఉంటాయి. గన్ను పెట్టి, పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్తది ఎక్కించాలి. ఏ లారీ షెడ్డులో అడిగినా ఈ పని చేస్తారు. కానీ అదే గ్రీజును బయటికి జరిగే గది పట్టాలకు పూస్తే గది పాడవుతుంది. ఆ పట్టాలు గాలికి, దుమ్ముకు తెరిచి ఉంటాయి. జిగురుగా ఉండే గ్రీజు మీద ఇసుక పడితే అది గరుకు ముద్దగా మారి, పళ్లపట్టీనీ గేరునూ అరగదీస్తుంది. అక్కడ కావలసింది ముందు శుభ్రంగా తుడవడం, తర్వాత ఆరిపోయి పలచని పొర మాత్రమే మిగిల్చే పొడిరకం కందెన. గది చుట్టూ ఉండే రబ్బరు సీళ్లది మరో తీరు. మోటార్‌హోమ్ సీళ్లలో వాడే రబ్బరు రకాల్లో చాలావాటికి పెట్రోలియం నూనె పడదు. తగిలితే ఉబ్బి, మెత్తబడి, ఆకారం పోతుంది. వాటికి సిలికాన్ రకమో, సీళ్ల కోసమే తయారుచేసినదో వాడాలి. మురుగు ట్యాంకు కింద జారుడు పలకలాంటి వాల్వు ఉంటుంది. దాని రబ్బరుకూ ఇదే నియమం. ఆ వాల్వు సగంలో బిగుసుకుంటే ఏమవుతుందో వివరించనక్కర్లేదు. బండిని సమంగా నిలిపే హైడ్రాలిక్ జాకీల మెరిసే కడ్డీలను ప్రతిసారీ మెత్తని గుడ్డతో తుడవాలి. మట్టి అంటిన కడ్డీ లోపలికి వెళ్లిందంటే సీలు కోసుకుపోయి నూనె కారుతుంది. తలుపు దగ్గర కరెంటుతో తెరుచుకునే మెట్లు చక్రాలకు దగ్గరగా, రోడ్డు నీళ్లూ బురదా నేరుగా తగిలే చోట ఉంటాయి. అందుకే వీటి తయారీదారులు నెలకోసారి ప్రతి కీలుకూ కందెన వేయమని చెబుతారు. ఈ నెలనెలా పనిని చాలా బండ్లలో కొన్న తర్వాత ఒక్కసారి కూడా చేయరు. లోపలికి మడవని మెట్టుతో బండి కదిలితే పక్కన నిలబడిన మనిషి కాలు విరగవచ్చు.

అన్నిటికీ ఒకే స్ప్రే డబ్బా అన్న అలవాటు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే నష్టం ఎక్కువగా జరిగేది మంచి ఉద్దేశంతోనే. మన మెకానిక్ షెడ్లలోనూ ఇళ్లలోనూ విరివిగా కనిపించే డబ్ల్యూడీ-40 అనే ద్రవాన్ని 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో ఒక చిన్న కంపెనీ తయారుచేసింది. క్షిపణి పైపొరకు తుప్పు పట్టకుండా నీటిని తరిమివేయడం దాని ఉద్దేశం. తుప్పు పట్టిన బోల్టును వదులు చేయడానికి, తడిసిన భాగాన్ని ఆరబెట్టడానికి అది చక్కగా పనికొస్తుంది. బరువు మోసే కీలులో నెలల తరబడి నిలిచి పనిచేసే గ్రీజు స్థానం మాత్రం అది భర్తీ చేయలేదు. కొట్టగానే చప్పుడు ఆగుతుంది కాబట్టి పని అయిపోయిందనిపిస్తుంది. పలచని ద్రవం అంతకుముందున్న చిక్కని గ్రీజును కరిగించి తీసుకుపోతే ఆ కీలు మునుపటికన్నా బీదదవుతుంది. గ్రీజులలోనూ అన్నీ ఒకటి కావు. లిథియం సబ్బుతో చేసినవి, కాల్షియంతో చేసినవి, పాలీయూరియాతో చేసినవి, బంకమన్నుతో చేసినవి ఉన్నాయి. పడని రెండు రకాలు కలిస్తే ముద్ద పలచబడి కారిపోవచ్చు, లేదా గట్టిపడి నూనెను వదలకపోవచ్చు. లోపల ఏ రకం ఉందో రాసి ఉంచకపోతే తర్వాత వచ్చిన మెకానిక్ తన గన్నులో ఉన్నదే ఎక్కిస్తాడు. అతన్ని తప్పుపట్టలేం. రాసి ఉంచడం యజమాని బాధ్యత.

అసలు ఇంత చిన్న విషయానికి పత్రికలో ఇంత చోటు ఎందుకని అడగవచ్చు. రాపిడి చిన్న విషయం కాదని తేల్చిన లెక్కలు ఉన్నాయి. 1966లో పీటర్ జోస్ట్ నాయకత్వంలోని సంఘం బ్రిటన్ ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చింది. కందెన విషయంలో అప్పటికే తెలిసిన జ్ఞానాన్ని సరిగ్గా అమలు చేస్తే చాలు, ఆ ఒక్క దేశానికి ఏటా 51.5 కోట్ల పౌండ్లు మిగులుతాయని అందులో అంచనా వేసింది. రాపిడి, అరుగుదల, కందెనల అధ్యయనం ఒక ప్రత్యేక శాస్త్రంగా నిలబడింది ఆ నివేదిక తర్వాతే. 2017లో హోమ్‌బర్గ్, ఎర్డెమిర్ అనే శాస్త్రజ్ఞులు ప్రపంచం మొత్తం వాడే శక్తిలో దాదాపు 23 శాతం రాపిడి, అరుగుదలల ఖాతాలోకి పోతున్నదని లెక్కగట్టారు. అందులో 20 శాతం రాపిడిని జయించడానికి, మిగిలిన 3 శాతం అరిగిన భాగాల స్థానంలో కొత్తవి చేయడానికి.

ప్రాణనష్టానికి ఉదాహరణ విమానయానంలో ఉంది. 2000 జనవరి 31న అలాస్కా ఎయిర్‌లైన్స్ 261వ నంబరు విమానం కాలిఫోర్నియా తీరం దగ్గర పసిఫిక్ సముద్రంలో కూలి, అందులో ఉన్న 88 మందీ మరణించారు. తోక రెక్కను పైకీ కిందికీ కదిపే మరల స్తంభం, దాని మీద తిరిగే నట్టు, ఇంతే ఆ భాగం. గ్రీజు చాలక నట్టు మరలు అరిగి ఊడిపోయాయని అమెరికా రవాణా భద్రతా బోర్డు తేల్చింది. ఆ భాగానికి గ్రీజు పెట్టే వ్యవధిని సంస్థ ఏళ్ల తరబడి పెంచుకుంటూ పోవడం, నియంత్రణ సంస్థ అందుకు ఒప్పుకోవడం కారణాల్లో భాగమని నివేదిక స్పష్టంగా రాసింది. 1987లో 500 గంటల ప్రయాణానికోసారి ఉన్న పని, 1996 నాటికి ఎనిమిది నెలలకోసారి అయింది. ఆ ఎనిమిది నెలల్లో విమానం సుమారు 2,550 గంటలు ఎగిరేది.

నా వాదనకు ఇక్కడ బలమైన అభ్యంతరం ఎదురవుతుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. ఆ సంస్థ చేసింది గంటల లెక్క వదిలి నెలల లెక్కకు మారడమే కదా, మరి నెలలే కొలత కావాలని ఎలా అంటారు? రోజూ ఎగిరే విమానానికి నెలల లెక్క ఒక్కటే పెడితే అరుగుదల కనపడకుండా పోతుంది. రోజూ నిలబడే మోటార్‌హోమ్‌కు కిలోమీటర్ల లెక్క ఒక్కటే పెడితే తుప్పూ, ఎండిపోవడమూ కనపడకుండా పోతాయి. రెండు చోట్లా తప్పు ఒకటే, ఒక్క కొలతనే నమ్ముకోవడం. సరైన నియమం రెండింటిలో ఏది ముందు వస్తే అది. అమెరికాలో కారు వెనక లాగే ట్రైలర్ల ఇరుసులు తయారుచేసే డెక్స్‌టర్ సంస్థ, చక్రాల బేరింగుల గ్రీజును 12,000 మైళ్లకో 12 నెలలకో, ఏది ముందైతే అప్పుడు మార్చమంటుంది. మోటార్‌హోమ్ యజమానికి ఆచరణలో ఎప్పుడూ నెలలే ముందు వస్తాయి. అందుకే ఆ భాగాన్ని నేను గట్టిగా పట్టుకుంటున్నాను.

ఇప్పటి బండ్లలో కీళ్లన్నీ జీవితకాలం సీలు చేసి వస్తాయి, గ్రీజు అక్కర్లేదు అనేది మరో అభ్యంతరం. కార్లలో ఇది చాలావరకు నిజం, వ్యాన్ల మీద కట్టిన చిన్న మోటార్‌హోమ్‌లలోనూ చాసిస్ మేరకు నిజమే. బస్సు, లారీ చాసిస్‌ల మీద కట్టినవాటిలో నిపుల్స్ ఇంకా ఉన్నాయి. పైగా సీలు అనేది రబ్బరే. అది కూడా వయసుతో పగులుతుంది, పగిలాక లోపలి గ్రీజుకు రక్షణ లేదు. కాబట్టి సీలు చేసిన కీలుకు గ్రీజు అక్కర్లేకపోయినా ఏడాదికోసారి కిందికి దూరి చూసే కన్ను కావాలి. ఎక్కువ గ్రీజు కూడా చేటే కదా అనేవారు ఉన్నారు. వారి మాట పూర్తిగా ఒప్పుకోవాలి. గన్ను ఒత్తిడికి రబ్బరు తొడుగులు పగులుతాయి, చక్రం దగ్గర పొంగిన గ్రీజు బ్రేకు మీద పడితే బండి ఆగదు. అందుకే నేను అడుగుతున్నది ఎక్కువ గ్రీజు కాదు, సరైన చోట, సరైన రకం, సరైన తేదీకి. ఖర్చు గురించిన అభ్యంతరం మాత్రం నిలవదు. ఒక గ్రీజు గన్ను, రెండు మూడు రకాల కందెనలు, గుడ్డపీలికలు, ఒక పూట పని. బిగుసుకుపోయిన ఒక్క గది మోటారు మార్చే ఖర్చుతో ఈ సరంజామా ఏళ్ల తరబడి గడుస్తుంది.

కందెన మాట వచ్చినప్పుడు ఎవరూ తలచుకోని భాగం ఒకటి ఉంది, అత్యవసర కిటికీ. అమెరికా ప్రమాణాల ప్రకారం ఈ బండ్లలో తలుపు కాక, తప్పించుకోవడానికి రెండో దారి ఉండాలి. చాలా బండ్లలో అది పడకగది కిటికీ. దాన్ని సరదాకు ఎవరూ తెరవరు కాబట్టి, ఏళ్లు గడిచేసరికి రబ్బరు చట్రానికి అతుక్కుపోతుంది, గొళ్లెం తుప్పుపడుతుంది. మోటార్‌హోమ్‌లో వంటగ్యాసు, పెట్రోలు లేదా డీజిల్, బ్యాటరీలు, చెక్క, స్పాంజి అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. 2013 అక్టోబర్ 30న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర తగలబడిన బస్సులో 45 మంది చనిపోయారు. ఆ ప్రమాదానికి కారణం కందెన కాదు. కానీ మంటల్లో చిక్కుకున్నవారికి బయటపడే వ్యవధి ఎంత తక్కువో ఆ తెల్లవారుజామున అందరికీ తెలిసింది. ఆ కిటికీని ఆరు నెలలకోసారి పూర్తిగా తెరిచి, గొళ్లేనికి కందెన వేసి, రబ్బరుకు సిలికాన్ రాసి, పిల్లలతో సహా అందరిచేతా ఒకసారి తెరిపించడం కన్నా విలువైన నిర్వహణ పని ఆ బండిలో ఇంకోటి లేదని నా అభిప్రాయం.

మన దేశానికి వస్తే, కేరళ 2021లో కారవాన్ పర్యాటకానికి ఒక విధానం ప్రకటించి, కేరవాన్ కేరళ పేరుతో ప్రచారం చేసింది. కేంద్ర పర్యాటక శాఖ అంతకు చాలా ముందే కారవాన్ పార్కుల గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. మన తెలుగు నేలలో అరకు, సూర్యలంక, నాగార్జునసాగర్, అనంతగిరి లాంటి చోట్ల ఇలాంటి బండ్లు ఆగితే బాగుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ మన వాతావరణం ఇండియానాది కాదు. అక్కడ యజమానుల భయం శీతాకాలపు గడ్డకట్టే నీరు. ఇక్కడ కోస్తా గాలిలో ఉప్పు, జూన్ నుంచి నవంబర్ దాకా తేమ, రామగుండం లాంటి చోట 45 డిగ్రీలు దాటే ఎండ, రోడ్డు పక్క ఎర్రదుమ్ము. ఎండకు గ్రీజులోని నూనె త్వరగా జారుతుంది, ఉప్పు తుప్పును రెట్టిస్తుంది, దుమ్ము ప్రతి తడి పొర మీదా కూర్చుంటుంది. అమెరికా పుస్తకంలో ఆరు నెలలని రాసిన పనిని మనం మూడు నెలలకు తెచ్చుకోవలసి రావచ్చు, వానాకాలం మొదలవక ముందు ఒకసారి, ముగిశాక మరోసారి ఎలాగూ తప్పదు. ఇక్కడ ఫోర్స్ ట్రావెలర్ వంటి వ్యాన్ల మీదా, బస్సు చాసిస్‌ల మీదా ఇల్లు కట్టేది వేరే బాడీ బిల్డర్. చాసిస్ కంపెనీ ఇంటి భాగానికి బాధ్యత తీసుకోదు, బాడీ బిల్డర్ దగ్గర కందెన పట్టికే ఉండకపోవచ్చు. రవాణా వాహనాలకు మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారీ, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. అది ప్రధానంగా బ్రేకులు, లైట్లు, స్టీరింగ్, పొగ చూసే పరీక్ష. మెట్లు, జరిగే గది, గ్యాసు అమరిక, అత్యవసర కిటికీ ఉన్న బండికి ఆ పరీక్ష ఒక్కటే చాలదు. పర్యాటక శాఖలు అనుమతి ఇచ్చేటప్పుడు ఇంటి భాగానికీ ఒక నిర్వహణ పుస్తకం అడగాలి. అందులో ప్రతి కదిలే భాగం పేరు, వాడిన కందెన రకం, వేసిన తేదీ, మళ్లీ వేయాల్సిన తేదీ ఉండాలి. ప్రభుత్వమే బండ్లు కొనేట్లయితే, కొనుగోలు టెండరులోనే ఐదేళ్ల నిర్వహణకు డబ్బూ మనిషీ చేర్చాలి. మన ప్రభుత్వ శాఖలకు బండి కొనడానికి నిధులు దొరికినంత సులువుగా గ్రీజు డబ్బాకు దొరకవు. ఎంతో పెట్టి కొన్న యంత్రాలు షెడ్డులోనే పాడవడానికి ఇదొక కారణం.

అద్దెకు తీసుకునేవారికీ ఇందులో పని ఉంది. అమెరికాలోని తెలుగు కుటుంబాలు, ఇక్కడినుంచి వెళ్లిన అమ్మానాన్నలను ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కేన్యన్‌కో తీసుకువెళ్లడానికి మోటార్‌హోమ్ అద్దెకు తీసుకోవడం చూస్తున్నాం. పెద్దవాళ్లు ఉన్నప్పుడు మెట్టు గట్టిగా ఉందా, కిటికీ తెరుచుకుంటుందా అన్నవి సుఖానికి కాదు, ప్రాణానికి సంబంధించిన ప్రశ్నలు. బండి తీసుకునేటప్పుడు లోపల పరుపులు, వంటగది చూడడానికి అరగంట పెట్టేవారు, టైరు పక్కన అచ్చొత్తిన నాలుగంకెలు చదవడానికి అర నిమిషం పెట్టాలి. మొదటి రెండు అంకెలు తయారైన వారం, చివరి రెండు సంవత్సరం. గదిని ఒకసారి పూర్తిగా బయటికీ లోపలికీ నడిపించమని, అత్యవసర కిటికీ తెరిచి చూపించమని అడగాలి. చూపించడానికి ఇష్టపడని యజమాని దగ్గర బండి తీసుకోకపోవడమే మేలు.

ఇదంతా మోటార్‌హోమ్‌తో ఆగిపోయేది కూడా కాదు. గోదావరి, కృష్ణా డెల్టాల్లోనూ, కాలువల కింద తెలంగాణ జిల్లాల్లోనూ వరికోత యంత్రాలు ఏడాదికి రెండు కోతల కాలం పనిచేసి, మిగిలిన నెలలు చెట్టు కిందో రేకుల షెడ్డులోనో ఉంటాయి. సినిమా తారల కారవాన్లు ఒక చిత్రానికీ మరో చిత్రానికీ మధ్య నిలబడతాయి. వీటన్నిటి దగ్గరా గ్రీజు పెట్టే పని షెడ్డులో అందరికన్నా చిన్నవాడి చేతిలో ఉంటుంది. ఇంజను విప్పేవాడు మిస్త్రీ, కిందకు దూరి నిపుల్స్ తుడిచేవాడు కుర్రాడు. అతనికి ఏ కీలుకు ఏ రకం వెయ్యాలో చెప్పే కాగితం ఉండదు, ఉన్నా అది ఇంగ్లిషులో, కంపెనీ పుస్తకం లోపల ఉంటుంది. కారవాన్లకు అనుమతి ఇచ్చే శాఖ, వాటి తయారీదారుల చేత కందెన పట్టికను బొమ్మలతో, తెలుగులో వేయించి బండి తలుపు లోపలివైపు అతికించమని షరతు పెట్టవచ్చు. దానికింద పని చేసిన కుర్రాడి సంతకం, తేదీ ఉండాలి. ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ చదివే పిల్లలకు ఈ ఇంటి భాగాల పనిని కొద్ది వారాల అదనపు శిక్షణగా ఇవ్వవచ్చు. ఆ సంతకం పెట్టినవాడికి షెడ్డులో మిస్త్రీతో సమానమైన గంటల కూలి దక్కాలి, ఎందుకంటే ఆ బండిలో నిద్రపోయే కుటుంబం నమ్ముకునేది అతని పనినే.